ఓబుళేశుకు ఏమీ కాలేదు

నారాయణ ఆ ఉదయానికి వేసుకున్న ప్లానులో ముగ్గురే మనుషులు. డాక్టరు మధులత, తాను, మాట సాయానికి ఓబుళేశు. ఒక వినతిపత్రం, ఒక ఫొటో బోర్డు, వచ్చే అధికారికి ఒక కప్పు టీ. నారాయణ తన జన్మలో ఇంత చిన్న ప్లాను వేసి ఎరగడు. కర్నూలు పక్కన కల్లూరులో మధులత నర్సింగ్ హోముకు మేనేజరు కాకముందు అతను ఎన్నికల మీటింగులకు జనాన్ని తోలిన ఘనుడు. నాలుగు లారీల జనం కావాలని అడిగితే ఏడు లారీలు దింపేవాడు. జనం లేని పని ఉప్పు లేని పప్పని అతని గట్టి నమ్మకం. అలాంటివాడి నెత్తిన, జనం కనపడకూడదనే పని పడింది.

విషయం చిన్నది కాదు. సర్కారు ఆరోగ్య పథకం కింద పేదలకు ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల్లోంచి, యాభై పడకలు లేనివాటిని తీసిపారేయాలని ఒక ప్రతిపాదన లేచింది. దాన్ని లేపింది పెద్దాసుపత్రుల సంఘం. వాళ్ళు టైలు కట్టుకుని రాజధానికి పోయి, తెర మీద రంగురంగుల గీతలు చూపించి, నాణ్యత నాణ్యత అని నూరిపోసి వచ్చారు. మధులత ఆసుపత్రిలో ఉన్నవి ఇరవై పడకలు. వచ్చే రోగుల్లో ముప్పాతిక మంది పథకం కార్డు పట్టుకొచ్చేవాళ్ళే. జాబితాలోంచి పేరు తీసేస్తే ఆసుపత్రికి తాళం వేసుకోవడమే. కోయిలకుంట్ల దగ్గర నాన్న ఇచ్చిన చేను అమ్మి కట్టుకున్న ఆసుపత్రి అది. ఆ మాట తలుచుకుంటే ఆమెకు వారం నుంచి నిద్ర లేదు.

చిన్నాసుపత్రులకూ ఒక సంఘం ఉంది. దానికి కార్యదర్శి నారాయణే, ఎందుకంటే మిగతావాళ్ళందరికీ చూడాల్సిన రోగులున్నారు. అతను తిరగని ఆఫీసు లేదు, పెట్టని నమస్కారం లేదు. చివరికి ఈ విషయం తేల్చే కమిటీకి చైర్మన్, హర్షిణి అనే ఐఏఎస్ అధికారి, కర్నూలు వచ్చినప్పుడు మధులత ఆసుపత్రి చూస్తానని ఒప్పుకుంది. ఫోనులో షరతు మాత్రం గట్టిగా పెట్టింది. "శాలువా వద్దు, దండ వద్దు, జనం అసలే వద్దు. నా మీద ఒత్తిడి కోసం గుంపును పోగేశారని తెలిస్తే అక్కడి నుంచే వెనక్కి వెళ్ళిపోతాను."

"ఎవురినీ పిలవలేదు కదా నారాయణన్నా?" అని మధులత పొద్దున్నే అడిగింది.

"ఒట్టు మేడం. మా ఆడామెను గూడా రావద్దని చెప్పొచ్చినా. మీరు నిమ్మళంగా ఉండండి. ఈ నారాయణ చేయి పెట్టినాక పని కాకుండా పోతాదా?"

ఓబుళేశుది కోయిలకుంట్ల పక్క పల్లె. నిరుడు పేగు మెలిక పడి చావుబతుకుల్లో ఉంటే ఇదే ఆసుపత్రిలో, పథకం కింద ఆపరేషను చేసి బతికించారు. ఇప్పుడు రాళ్ళు తిని అరిగించుకునేట్టున్నాడు. మధ్యాహ్నం ఆయన నాలుగు మాటలు చెప్పాలి, పక్కన 'అప్పుడు', 'ఇప్పుడు' అని రెండు ఫొటోల బోర్డు ఉండాలి. 'ఇప్పుడు' ఫొటోకు ఇబ్బంది లేదు. 'అప్పుడు' ఫొటోనే లేదు. పేగు మెలిక పడ్డ మనిషిని ఫొటో తీయాలన్న బుద్ధి ఆ రోజు ఎవరికి పుడుతుంది! అందుకని నారాయణ పొద్దున్నే ఆయన్ను ఖాళీ పడక మీద పడుకోబెట్టి, చేతికి సెలైను గొట్టం ప్లాస్టరుతో అంటించాడు.

"రవ్వంత మూలుగు ఓబుళేశన్నా."

"ఫొటోలో మూలుగు యాడ ఇనపడ్తాదప్పా?"

"ఇనపడదు. మొగంలో కనపడ్తాది. వదినా, నువ్వు పక్కన నిలబడి రవ్వంత కండ్లనీల్లు పెట్టుకో."

ఓబుళేశు భార్య తిరుపతమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "ఈయప్పను చూస్తే కోపం వస్తాది గానీ ఏడుపు యాడొస్తాది?" అంది. కానీ నిరుడు ఆ రోజు ఇదే వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నది గుర్తొచ్చిందేమో, నిజంగానే ఆమె కళ్ళు నిండాయి. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. అటుగా పోతున్న మధులత కూడా ఒక్క క్షణం ఆగి ఓబుళేశు నాడి పట్టుకోబోయింది.

తిరుపతమ్మ ఆ ఫొటో తన ఫోనుకు పంపించుకుని స్టేటస్‌లో పెట్టింది. ఇంత అందంగా తన ఫొటో ఎవరూ తీయలేదు మరి. కింద ఏమీ రాయలేదు. రాయడం ఆమెకు అలవాటు లేదు. ఆ వెంటనే నారాయణ, అధికారి ముందు మోగితే మర్యాద కాదని, అందరి ఫోన్లూ ఆపించి డ్రాయరులో పెట్టి తాళం వేశాడు. ఇంకో ఫొటో కావాల్సి వస్తుందేమోనని గొట్టం తీయనివ్వక, చెప్పాల్సిన నాలుగు మాటలు వల్లె వేసుకొమ్మని ఓబుళేశును ఆ గదిలోనే ఉంచి తలుపు మూశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సీమలో పెళ్ళికి పోకపోతే సర్దుకుంటారు. ఆసుపత్రిలో పడితే చూడ్డానికి పోకపోతే మాత్రం మనవళ్ళ కాలం దాకా ఎత్తిపొడుస్తారు. పలుకులు లేని దాయాదులు కూడా వచ్చి, పలకకుండానే బ్రెడ్డు పొట్లం పడక మీద పెట్టి పోతారు. ఓబుళేశు పడక మీద ఉన్నాడు, పక్కన పెళ్ళాం ఏడుస్తోంది, ఎన్నిసార్లు చేసినా ఇద్దరి ఫోన్లూ పలకడం లేదు. కోయిలకుంట్లకు ఇంతకంటే ఇంకేం కావాలి?

మొదటి టెంపోలోంచి ముందుగా దిగింది ఓబుళేశు మేనత్త వరమ్మ. ఒక చేతిలో బ్రెడ్డు, ఇంకో చేతిలో బత్తాయిల సంచి.

"అత్తా, ఓబుళేశన్నకు ఏమీ కాలేదు," అన్నాడు నారాయణ.

"అందురూ అట్లనే చెప్తారు నాయనా. మా ఇంటాయనకు గూడా ఏమీ కాలేదనే చెప్పిరి. చెప్పినోల్లే తెల్లారి పాడె కట్టిరి."

ఒకరిని వదిలితే ఊరంతా లోపలికొస్తుందని నారాయణ తలుపు తీయలేదు. ఆమె పక్కకు పోయి ఊరికి ఫోను చేసింది. ఏమీ కాలేదంటున్నారు అనగానే అవతల రెండో టెంపో బయలుదేరింది. నారాయణ ఎంత గట్టిగా ఏమీ కాలేదంటే జనం అంత గట్టిగా నమ్మారు, అయిపోయిందని. పొద్దెక్కేసరికి కోయిలకుంట్ల టెంపోలు, తిరుపతమ్మ పుట్టిల్లు మైదుకూరు నుంచి ఒక బస్సు వచ్చి ఆసుపత్రి సందులో అడ్డంగా నిలబడ్డాయి. వరండా నిండా బ్రెడ్డు పొట్లాలు.

"ఏంది నారాయణన్నా ఇది!" అంది మధులత. "జనం వద్దని చెప్పింది కదా ఆయమ్మ!"

"లారీలకు లారీలు జనాన్ని తోలినోన్ని, వీల్లను పంపించలేనా మేడం? చూస్తాండండి."

పంపించడం అతనికి నిజంగా తెలుసా అంటే, తెలిసిన పద్ధతి ఒకటే. మీటింగు అయ్యాక అన్నం పెడితే జనం పోతారు. వీధి చివర మెస్సులో అందరికీ భోజనాలు చెప్పాడు. వీళ్ళను అక్కడికి చేర్చమని షేరాటో నడిపే గౌస్ పీర్‌ను పురమాయించాడు. సందు ఖాళీ అయింది. నారాయణ మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి గౌస్ పీర్ తిరిగొచ్చాడు.

"నారాయణన్నా, ఆడ పప్పన్నం తింటా ఆడోల్లంతా ఏడుస్తాండారు."

"తింటా ఏడ్చేదేందప్పా?"

"చూడ్డానికొచ్చినోల్లకు పిలిచి బువ్వ పెడితే ఏమనుకుంటారన్నా? దినం బువ్వ అనుకుంటాండారు."

వీధి చివర ఏడుపు రాగం అందుకుంది. తిన్నవాళ్ళు తిన్నట్టే శోకాలు పెడుతూ తిరిగొచ్చారు, ఇప్పుడు కల్లూరు వాళ్ళు కూడా తోడయ్యారు. ఇక ఓబుళేశే బయటికొచ్చి తాను బతికే ఉన్నట్టు చూపించాలి. ఆయన గొట్టం పీకేసి వరండాలోకి అడుగు పెట్టబోతుండగా, తిరుపతమ్మ చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.

"ఆ పక్క సూడు. మీ తమ్ముడు!"

గేటు దగ్గర నరసన్న. పొలం గట్టు తగాదాతో ఎనిమిదేళ్ళుగా అన్నతో మాటల్లేని నరసన్న, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తూ వస్తున్నాడు. ఓబుళేశు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నువ్విట్ల గుండ్రాయి మాదిరి నిలబడితే, ఆట పట్టించినారని ఎనక్కి తిరిగి పోతాడు. ఇంగ జన్మలో గడప తొక్కడు. బిర్నా పండుకో!" అంది తిరుపతమ్మ. ఓబుళేశు పడుకున్నాడు. ఆమె గొట్టం మళ్ళీ అంటించింది. ఈసారి మూలగమని ఎవరూ చెప్పనక్కర్లేదు. తలుపు తెరుచుకోగానే, నరసన్న వెనకే ఊరంతా గేటు నుంచి పడక దాకా వరుస కట్టింది.

నారాయణ గేటు దగ్గర చేతులు చాచి నిలబడ్డాడు. అధికారి కారు ఏ నిమిషాన వస్తుందో! సైరను కోసం చెవులు రిక్కించి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళనూ వెనక్కి తోస్తున్నాడు. అంతలో, టెంపోలు అడ్డమై కారు పట్టని ఆ సందులోకి గౌస్ పీర్ ఆటో దూరి వచ్చి ఆగింది. నూలు చీర కట్టుకున్న ఒకావిడ దిగింది.

"పోమ్మా, పో! ఓబుళేశుకు ఏమీ కాలేదు. పెద్దాఫీసరమ్మ వస్చాండాది, మీయట్లాంటోల్లను చూస్తే మా కొంప మునుగుతాది. మీకు దండం పెడతా, పోండి!"

ఆవిడ ఏదో చెప్పబోయింది. వెనక నుంచి వరమ్మ ఆమె చేయి పట్టుకుని వరుసలోకి లాగేసింది. "ఆయప్ప మాటలు ఇనగాకమ్మా. పొద్దున్నుంచి అందరినీ కుక్కల మాదిరి తరుముతాండాడు. అవునూ, సేతులూపుకుంటా వచ్చినావే! రోగిని చూడ్డానికి వట్టి చేతుల్తో వస్చారా ఎవురన్నా? ఇద్దో, పట్టుకో," అని ఒక బ్రెడ్డు పొట్లం చేతిలో పెట్టింది.

వరుస నత్తలా కదిలింది. కదలని వరుసలో మనిషి ఏం చేస్తాడు? మాట్లాడతాడు. ముందున్న ఆమె తన కోడలికి ఇక్కడే కాన్పయిందని, అడ్డం తిరిగిన బిడ్డను మధులతమ్మ బయటికి తీసిందని చెప్పింది. వెనకాయన తన కాలు తీసేయాలన్నారని, ఈమె తీయకుండా నయం చేసిందని పంచె ఎత్తి చూపించాడు. "పెద్దాసుపత్రికి పోలేదా?" అని నూలు చీర ఆవిడ అడిగింది. "పోయినా. లిఫ్టు ఎక్కించినారు, దించినారు, ఇంగ్లీషులో ఏందేందో చెప్పినారు. నాకు తెలుగొచ్చని వాల్లకు ఎవురూ చెప్పల్యా," అన్నాడాయన. వరమ్మ మాత్రం నిజం దాచే మనిషి కాదు. "ఆ మరుగుదొడ్డి కొళాయి నిరుడు నుంచి కారతాండాది. అది బాగు చేయించమను ముందు!" అంది.

పడక దగ్గరికి చేరేసరికి నరసన్న అన్న కాళ్ళు పట్టుకుని ఉన్నాడు. "గట్టు నీదేలే అన్నా. అంతా నీదే. లేసి కూర్చో, సాలు," అంటున్నాడు. ఓబుళేశు కళ్ళు మూసుకున్నాడు గానీ రెప్పల కిందనుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

"ఈయనకు ఏమయింది?" అంది నూలు చీర ఆవిడ.

"పేగు మెలికంట తల్లీ," అంది వరమ్మ.

ఆవిడ వంగి సెలైను గొట్టం పట్టుకుని, అది ఎటు పోతుందో చూసుకుంటూ వెళ్ళింది. రెండో కొస దిండు కింద తేలింది. సరిగ్గా అప్పుడే వచ్చిన మధులత, ఆమె మొహం చూసి నిలువునా నీరైపోయింది.

"హర్షిణి మేడం!"

గుమ్మంలో నారాయణ, తాను తరిమింది ఎవరినో అర్థమై, తలుపు పట్టుకున్నాడు.

"చిన్నాసుపత్రులు దొంగ రోగులను పడుకోబెట్టి పథకం కింద బిల్లులు పెడతాయని పెద్దాసుపత్రుల సంఘం నాకు చెప్పింది," అంది హర్షిణి నెమ్మదిగా. "నేను నమ్మలేదు. ఇప్పుడేం చేయమంటారు?"

ఓబుళేశు కళ్ళు తెరిచి మధులతను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. పడుకుంటే తమ్ముడు దక్కుతాడు, ఆసుపత్రి పోతుంది. లేస్తే ఆసుపత్రి దక్కుతుందేమో, తమ్ముడు పోతాడు. నిరుడు ఈ పడక మీదే తనకు ప్రాణం పోసిన మనిషి, ఎదురుగా దోషిలా నిలబడి ఉంది. ఆయన గొట్టం పీకేసి లేచి కూర్చున్నాడు.

"నేను రోగిని కాదు మేడం. నిరుడు రోగిని. ఈయమ్మ బతికించె. పొద్దున ఫొటో కోసం పండుకుంటి, ఊరంతా వచ్చె. మల్లా పండుకునింది మాత్రం వీని కోసం. లేస్తే పోతాడని భయమాయె. అది ఈయమ్మకు తెలీదు, బిల్లూ ల్యా ఏమీ ల్యా." తమ్ముడి వైపు తిరిగాడు. "నరసన్నా, నాకేమీ కాలా. పోతావో, ఉంటావో నీ ఇష్టం."

నరసన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నిజంగా ఏమీ కాలా?"

"కాలా."

నరసన్న పడక మీద అన్న పక్కనే కూలబడి ఒక బ్రెడ్డు పొట్లం చించాడు. "పొద్దున్నుంచి పచ్చి మంచినీల్లు ముట్టలా. ఇంగ తింటా," అని రెండు ముక్కలు నోట్లో వేసుకుని, నమిలి మింగి అన్నాడు. "గట్టు మాత్రం నాదే."

ఓబుళేశు నిజంగా మూలిగాడు. గది మొత్తం గొల్లుమంది.

హర్షిణి మాత్రం నవ్వలేదు. నారాయణ వైపు చూసింది. "ఈ జనాన్ని పోగేసింది మీరేనా?"

"ఈయప్పా?" వరమ్మకు ఒళ్ళు మండింది. "ఈయప్ప మమ్మల్ని తరమని గడియ ల్యా! నిన్ను గూడా తరిమె కదమ్మా, సిగ్గు లేకుండా!"

"అవును," అంది హర్షిణి. "నన్నూ తరిమారు. దానికి నేనే సాక్షిని." చేతిలోని బ్రెడ్డు పొట్లం ఓబుళేశు ఒళ్ళో పెట్టింది. "పెద్దాసుపత్రుల వాళ్ళు నాకు తెర మీద చాలా గీతలు చూపించారు. ఇంత వరుస మాత్రం చూపించలేకపోయారు. ఆ ఫొటో బోర్డు తీసేయండి. కొళాయి బాగు చేయించండి." మధులత తల ఊపింది. ఆపుకోలేక, అందరి ముందే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. చిన్నాసుపత్రులు పథకంలోనే ఉంటాయి. ఇది తన పనితనమేనని, జనం లేకుండా ఏ పనీ కాదని తాను ముందునుంచీ చెప్తూనే ఉన్నానని నారాయణ కల్లూరంతా చెప్పుకున్నాడు. ఉత్తర్వులో చివర ఒక షరతుంది. ఇకమీదట రోగిని చూడ్డానికి ఇద్దరికి మించి రాకూడదు.

ఆ షరతు ఎట్లుంటుందో చూసిపోదామని కోయిలకుంట్ల నుంచి మూడు టెంపోల్లో వచ్చారు.