పిడికిలి మామ పొట్టలో మాట

స్టూడియోలో అందరూ కంచుకంఠం అని పిలుచుకునే డబ్బింగ్ కళాకారుడు ఆ ఉదయం వేసుకున్న పథకంలో పెద్ద తిరకాసేమీ లేదు. తొమ్మిదింటికి కొడుకును పళ్ల డాక్టరుకు చూపించాలి. పదిన్నరకల్లా మైకు ముందు నిలబడాలి. వీలైతే చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఇస్త్రీ సంగతి ఇల్లు దాటకముందే అటకెక్కింది.

"మూడు రోజులుగా వాడు ఒకవైపే నములుతున్నాడు. అడిగితే ఏం లేదంటాడు. మీరైనా నోరు తెరిపించండి," అంటూ భార్య బడికి బయల్దేరింది. క్లాసు నిండా పిల్లల నోళ్లు మూయించే టీచరమ్మకు సొంత కొడుకు నోరు తెరిపించడం చేతకాలేదు.

"నోళ్ల సంగతి నాకొదిలెయ్," అన్నాడు కంచుకంఠం.

ఆ ధీమాకు కారణం ఉంది. పరాయి భాష నుంచి వచ్చే పిల్లల కార్టూన్‌లో పిడికిలి మామకు తెలుగు గొంతు అతనిదే. కొండల్ని గుద్ది పిండి చేసే ఆ మామ, దెబ్బ తగిలినప్పుడల్లా ఛాతీ విరుచుకుని "మగాడికి నొప్పేంటి!" అంటాడు. ఆ మాట పిల్లల్లో ఎంతగా పాకిందంటే, బొమ్మల కంపెనీవారు దాన్ని మామ బొమ్మ పొట్టలో పెట్టి అమ్ముతున్నారు. నొక్కితే చాలు, కంచుకంఠం గొంతు ఖంగుమంటుంది. ఆరేళ్ల కొడుకు ఆ బొమ్మను క్షణం వదలడు. మామే ఆ మాటలన్నీ నాన్నకు నేర్పుతాడని వాడి నమ్మకం. తండ్రి కూడా ఆ నమ్మకాన్ని ముద్దుగానే చూసుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాడి బుగ్గ నిమిరి, "ఎక్కడ నాన్నా నొప్పి?" అని అడిగింది.

వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "మగాడికి నొప్పేంటి!" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. కంచుకంఠం ఇంకా గట్టిగా నవ్వి, "అది నా డైలాగేనండీ," అని తనను తాను పరిచయం కూడా చేసుకున్నాడు. తర్వాత తలచుకున్నప్పుడల్లా అతను ఎక్కువ సిగ్గుపడింది ఆ నవ్వుకే.

వాడు కుర్చీ ఎక్కడు, నోరు తెరవడు. "ఇదిగో, నాన్న కూర్చుంటాడు చూడు, ఏమీ అవదు," అంటూ కంచుకంఠం తనే ఎక్కి నోరు బార్లా తెరిచాడు. డాక్టరమ్మ సరదాకి చిన్న అద్దం లోపల పెట్టి చూసి, సరదా ఆపేసింది.

"అయ్యో, వెనక పన్ను పూర్తిగా పుచ్చిపోయిందండీ! ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నారు? ఇప్పుడే తీసేయమంటారా?"

సరిగ్గా అప్పుడే కొడుకు, "బాగుందా నాన్నా?" అని అడిగాడు. వాడికి ధైర్యం చెప్పాలని కంచుకంఠం "ఊఁ, ఊఁ!" అని హుషారుగా అన్నాడు. ఆ ఊకొట్టడం వాడికి కాక డాక్టరమ్మకు చెందింది. సూది దిగాక గానీ అతనికి విషయం అర్థం కాలేదు.

అరవబోయాడు. తండ్రి కళ్లు చెమర్చడం చూసి కొడుకు సాయంగా బొమ్మ పొట్ట నొక్కాడు. "మగాడికి నొప్పేంటి!" అంది అతని గొంతే. ఇంకేం అరుస్తాడు? కిక్కురుమనకుండా పన్ను పీకించుకున్నాడు.

ఈ హడావుడిలో అసలు రోగి ఎవరో అందరూ మరచిపోయారు. అంతలో డబ్బింగ్ డైరెక్టరు ఫోను చేశాడు.

"ఎక్కడున్నావయ్యా? బొమ్మల కంపెనీవాళ్లు వచ్చి కూర్చున్నారు!"

"పన్నండీ... పన్ను..." అన్నాడు కంచుకంఠం, దూది అడ్డం పడుతుండగా.

"పన్ను రేపు కట్టుకోవచ్చు, ముందు రావయ్యా!"

ఇంట్లో ఎవరూ లేరు. కొడుకును వెంటేసుకునే స్టూడియోకి పరుగెత్తాడు. కొత్త బొమ్మ పొట్టలోకి కొత్త మాట కావాలట. కాగితం మీద "ఏడిస్తే ఆడపిల్లవే!" అని రాసి ఉంది. మొద్దుబారిన పెదవులతో ఆడపిల్ల కాస్తా "ఆవవిల్ల" అయింది. పదకొండుసార్లు ఆవవిల్ల అయింది. మధ్యాహ్నానికి మాట తిరిగింది గానీ, దాంతోపాటు మత్తూ దిగిపోయింది. దవడలో నొప్పి భగ్గుమంది. మైకు ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కన్నీళ్లు కార్చాడు.

గాజు అద్దం అవతల నుంచి డైరెక్టరు, "ఏం ఫీలింగయ్యా బాబూ! కానీ మామ ఏడవకూడదు కదా," అన్నాడు.

అప్పుడు కొడుకు తలుపు తోసుకుని వచ్చి, బొమ్మను తండ్రి చేతిలో పెట్టాడు.

"పొట్ట నొక్కు నాన్నా. నేను పడుకునేటప్పుడు అదే చేస్తున్నా. నిద్రొచ్చేదాకా నొక్కితే నొప్పి తెలీదు."

మూడు రాత్రులుగా పక్క గదిలోంచి ఆ మాట కంచుకంఠానికి వినిపిస్తూనే ఉంది. వాడు ఆడుకుంటున్నాడనుకున్నాడు. పైగా తన గొంతు ఎంత బాగా పలికిందోనని మురిసిపోతూ నిద్రపోయాడు. పక్క గదిలో తండ్రి ఉండగా, పిల్లాడు తండ్రిని పిలవకుండా తండ్రి గొంతును నొక్కుకుంటూ పడుకున్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

నేల మీద కూలబడి కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. "అది మామ అన్న మాట కాదురా. నేను అతికించింది. మొదట్లో ఓసారి మామకి రాయి తగిలి, ఆయన భాషలో ఏదో పొడుగ్గా అన్నాడు. మాకు రాసిచ్చింది 'అబ్బా, నొప్పి' అని. అది చెప్పేశాక కూడా మామ నోరు ఇంకా ఆడుతూనే ఉంది. రాసినాయనేమో టీకెళ్లాడు. నోటికి సరిపోవాలని నేనే ఆ మాట పెట్టేశా."

"అంటే మామకి నొప్పేసిందా?"

"వేసిందిరా. చాలా వేసింది. నాక్కూడా వేస్తోంది."

వాడు బొమ్మను చూశాడు. తండ్రి వాచిన బుగ్గను చూశాడు. కింది పెదవి వణికింది. "ఇక్కడ నాన్నా," అని నోరు తెరిచి ఎడమవైపు వేలు పెట్టి, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చాడు. కంచుకంఠం వాడి వీపు నిమురుతూ, "ఏడు నాన్నా, ఏడు," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అతికించలేదు.

మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు. అద్దం అవతల కంపెనీవారు అంతా శ్రద్ధగా విని, తమలో తాము సంప్రదించుకుని, ఆ ఏడుపు చాలా సహజంగా ఉందనీ, ఆడపిల్ల బొమ్మలోకి పనికొస్తుందనీ కబురు పంపారు.