పులినని చెప్పిన ఎలుగుబంటి

ఒక పెద్ద అడవిలో, పెద్దగా ఎన్నికైనవాడికి ఆ అడవిలో ఏముందో తెలియదు. తెలుసుకోవడానికి తిరగనూ కూడదు. అది అక్కడి కట్టుబాటు.

కారణం లేకపోలేదు. వెనకటికి ఒక కణుజు జింక పెద్ద అయిన రోజునే కలుగు కలుగుకూ వెళ్లి, "లోపల ఎవరు?" అని కాలితో తట్టి చూసింది. ఏడో కలుగులో నాగుపాము ఉంది. ఆ ఏటి పాలన అంతటితో ఆగిపోయింది.

అప్పటినుంచి పద్ధతి మార్చారు. ఎండాకాలంలో అడవి పనులన్నీ ఆగిపోతాయి, పాత పెద్ద దిగిపోతాడు. తొలకరి పడగానే అందరికంటే ముందు బురదలోంచి తాబేలు కూర్మారావు లేస్తాడు. ఏ చెలమ ఎక్కడుంది, ఏ దారి ఎటు పోతుంది, ఏ పిట్ట అరిస్తే ఏ ప్రమాదం, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కొత్త పెద్ద ఆయన ముందు నిలబడాలి, ఆయన చెప్పిన జాబితా రాయించుకోవాలి, బండెక్కి కూర్చోవాలి. జాబితాలో ఉన్నదే అడవి.

మన కంప్యూటర్లలోనూ ఇదే తంతు అని తెలిసినవాళ్లు చెబుతారు. మీట నొక్కగానే ముందు లేచేది ఫర్మ్‌వేర్ అనే పాతకాపు. లోపల ఏయే సామాను ఎక్కడుందో అది చెబుతుంది. యంత్రాన్ని నడిపించే కెర్నల్ ఆ మాట నమ్మి పని మొదలుపెడుతుంది. తేడా ఒక్కటే. తప్పు మాట నమ్మితే యంత్రం ఆగిపోతుంది. అడవి ఆగదు, నడుస్తూనే ఉంటుంది.

ఆ ఏడు ఎలుగుబంటి అప్పలకొండ పెద్ద అయ్యాడు. పదవి మీద మోజుతో కాదు. కిందటి వానల్లో వాగు పొంగి అతని పెద్ద కూనను లాక్కుపోయింది. వరద కబురు అందరికంటే ముందు పెద్దకు చేరుతుందని ఎవరో అన్నారు. మిగిలిన ఒక్క కూననైనా దక్కించుకుందామని నిలబడ్డాడు, గెలిచాడు.

"పులివేనా?" అన్నాడు కూర్మారావు, కళ్లు తెరవకుండానే.

"కాదండి. ఎలుగుని. అప్పలకొండ అంటారు."

"ఓహో, ఇతరులా?" తాబేలు ఆవులించాడు. "ఇతరులకు చెలమ ఒకటి. దారి ఒకటి. కూర్చోవడానికి బండ ఒకటి. ఇక వెళ్లు."

"మరి వరద కబురండీ?"

"ఇతరులకు కబుర్లు ఉండవు."

గుమస్తా ముంగిస సత్తిబాబు అతణ్ని పక్కకు లాగాడు. "ఏంటి బాబూ మీరు! పులి ఏలిన రోజుల్లో, పులి కోసం కట్టిన జాబితా అది. పులి అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తెలుసు. ఇంకొకరు వచ్చి అడుగుతారని అప్పట్లో ఎవరనుకున్నారు?"

"ఆ పులి ఏదీ?"

"పోయి ముప్పై ఏళ్లు. అయితే ఏం? తర్వాత వచ్చిన అడవిపంది పులినే అన్నాడు. దుమ్ములగొండీ అన్నాడు. అంతెందుకు, కిందటేడు కుందేలు కూడా పులినే అన్నాడు. ఆయన చూసేది లేదు, పెట్టేది లేదు. మాట చాలు."

"అబద్ధం కదా, సత్తిబాబూ."

"నిజం చెప్పి ఏం తెచ్చుకున్నారు? ఒక చెలమ! ఆ మాట ఇంటికెళ్లి కూన ముఖం చూసి చెప్పండి."

అప్పలకొండ అంతవరకూ తేనెపట్టు దగ్గర కూడా అబద్ధమాడినవాడు కాదు. ఆ పూట తాబేలు ముందుకు తిరిగి వెళ్లి 'పులినే' అని ఆడాడు. మంచి పని కోసమే ఆడానని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చెడ్డ పని కోసం ఆడానని ఒప్పుకున్నవాణ్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

తాబేలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ముంగిస నలభై అడ్డాకుల మీద రాశాడు. తొమ్మిది చెలమలు, ఇరవై దారులు, కొండ కొండకీ కాపలా. ముప్పయ్యొకటో ఆకు మీద అప్పలకొండకు కావలసింది కనిపించింది: "వరద చూసేది, తీతువు పైడమ్మ." ఆ ఆకును రెండుసార్లు చదివి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

మర్నాటి నుంచి అడవి అతణ్ని పులిగానే చూసుకుంది. పొద్దున్నే గుమ్మంలో మేక తొడ వచ్చి పడేది. అతను నడిచే దారిలో ఒక్క జింక ఎదురుపడేది కాదు. పలకరిద్దామన్నా నోరున్న జీవి దొరికేది కాదు.

"ఈ మాంసం ఏం చేసుకోను?" అని భార్య సన్యాసమ్మ విసుక్కుంది. "ఇప్పపువ్వు తినే కొంప మనది. నువ్వొకసారి వాగు దగ్గరికెళ్లి ఆ పైడమ్మను అడిగిరా, అరుస్తుందో లేదో."

"పెద్ద తిరగకూడదు. అయినా జాబితాలో ఉందిలే."

"జాబితాలో నువ్వు పులివి కూడాను," అంది సన్యాసమ్మ.

శ్రావణంలో ఒక మిట్టమధ్యాహ్నం ఎగువ కొండల మీద ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. అప్పలకొండ బండ మీద చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఏ పిట్టా అరవలేదు. అరవలేదంటే వరద లేనట్టే కదా అనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండగానే ఎర్రటి నీళ్లు వచ్చి బండను తాకాయి.

అతను వాగు వైపు పరుగెత్తాడు. గట్టు మీద ఎత్తయిన రాతిపై తీతువు పైడమ్మ ఒంటికాలి మీద నిలబడి వరదను శ్రద్ధగా చూస్తోంది.

"పైడమ్మా! అరవలేదేం?"

"పులిగారు పెద్దగా ఉన్నప్పుడు అరవొద్దని మా ముత్తాతల నాటి ఆజ్ఞండి. ఆయనకు ఈతొచ్చు. నిద్ర చెడగొడితే కోపమొస్తుందండి."

"నేను పులినా? నన్ను చూసి చెప్పు!"

పైడమ్మ మెడ అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి చూసింది. "చూస్తే కాదండి. కానీ మిమ్మల్ని చూడ్డం నా పని కాదు కదండి. నా పని వరదను చూడ్డం. చూస్తున్నాను."

అప్పలకొండ నీళ్లలోకి దూకాడు. తన గుహ నోరు అప్పటికే మునిగిపోయింది. ముక్కు మూసుకుని లోపలికి వెళ్లి నాలుగు మూలలూ తడిమాడు. చేతికి మేక ఎముకలు తగిలాయి, కూన తగల్లేదు. పైకి తేలి గొంతు చించుకుని ఏడ్చాడు.

"ఇక్కడున్నాం, ఇటు రా!" అని కొండ మీంచి సన్యాసమ్మ కేక వేసింది. కూన ఆమె వీపు మీద బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

అతను పాకుతూ చేరుకుని కూనను పొదివి పట్టుకున్నాడు.

"పొద్దున చీమల కోసం పుట్ట దగ్గరికెళ్లాను," అంది ఆమె. "గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయి. తినడం మానేసి వాటి వెనకే వచ్చేశాను. పక్కింటి ముళ్లపంది నూకరాజుకీ చెప్పాను. 'పెద్ద మన పొరుగువాడే కదమ్మా, కబురు రాకుండా ఉంటుందా' అని నవ్వాడు."

నూకరాజు పిల్లలు ముగ్గురు దొరకలేదు.

మర్నాడు సభ కూడింది. కూర్మారావు తాను అడగవలసింది అడిగానని చెప్పాడు. ఎవరూ కాదనలేదు. పైడమ్మ ఆజ్ఞ తప్పలేదని సభ మెచ్చుకుంది. అప్పుడు అప్పలకొండ లేచాడు.

"పులినని అబద్ధమాడాను. నాకు ఏ శిక్ష అయినా వేయండి, పడతాను. కానీ ఆ జాబితా దిద్దండి."

"దిద్దే అధికారం పులిదండి," అన్నాడు సత్తిబాబు, ఎంతో మర్యాదగా. "నిన్నటిదాకా మీరు దిద్దుతానంటే దిద్దేవాళ్లమే. ఇప్పుడు మీరే కాదని ఒప్పుకున్నారు."

"ముగ్గురు పసివాళ్లు పోయారయ్యా!"

ముంగిస అడ్డాకుల కట్ట విప్పాడు. "ఎవరి పిల్లలు?"

"నూకరాజు పిల్లలు."

"నూకరాజు..." ముంగిస నలభై ఆకులూ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. అతని ముఖం విప్పారింది. "ఆ పేరున్నవాడు ఈ అడవిలో లేడండి."

సభంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. వరద వల్ల ప్రాణనష్టం లేదని తీర్మానం రాసుకున్నారు. రాస్తున్నంతసేపూ నూకరాజు మొదటి వరసలోనే కూర్చుని ఉన్నాడు.

నీతి: జాబితాలో లేనివాడు నీళ్లలో మునగడు.