తెర మీదే మిగిలిన షరతులు

పొద్దున షట్టర్ ఎత్తుతూనే షాపు ఓనరు విద్యావతి తేల్చి చెప్పింది. "జైపాల్, సాయంత్రం దాక చూస్త. నీ సాఫ్ట్‌వేర్ గిట్లనే సతాయిస్తే కొత్తది కొంట. దాన్ని నడిపెటోన్ని గూడ తెచ్చుకుంట."

చిక్కడపల్లిలోని ఆ ఫ్లెక్సీల షాపులో బ్యానర్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ జైపాల్ సొంతంగా రాసింది. దానికి ఒకటే జబ్బు. ఒక్క అక్షరం కొడితే బ్యానర్ మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి గీసేది. కస్టమర్లు తమ పేరు టైపయ్యేలోపు టీ తాగి వచ్చేవాళ్లు. జైపాల్ తల బాదుకుని, టైపు చేస్తున్న లైనొక్కటే కొత్తగా గీసి, మిగతా లైన్ల పాత బొమ్మనే తెర మీద ఉంచేలా మార్చాడు. అక్షరాలు పరుగెత్తాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది.

మొదట వచ్చింది బుగ్గయ్య. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు హాస్టల్ నడుపుతాడు. పైన 'ఖాళీలు కలవు', దాని కింద వరసగా షరతులు: ఆదివారం రాత్రి భోజనం ఉండదు, గదిలో వంట చేయరాదు, స్నేహితులను తీసుకురారాదు, తొమ్మిది దాటితే గేటు తెరవబడదు. అన్నీ కొట్టించాక మనసు మారింది. "తమ్మీ, ఆదివారం ముచ్చట తీసెయ్. అది చూస్తే ఒక్కడు రాడు."

జైపాల్ తీసేశాడు. తెర మీద పోలేదు. మళ్లీ తీశాడు. ఊహూ.

"ఏంది తమ్మీ, నీ మిషిన్ నీ మాటే వినదా?"

"పోతదన్న, జర ఆగు!" పళ్లు కొరుకుతూ మీట నొక్కుతూనే ఉన్నాడు. లోపల ఆదివారం ఎప్పుడో పోయింది. ఆ తర్వాత నొక్కిన ప్రతిసారీ కింది షరతు ఒకటి పోయింది. తెర మాత్రం పాత బొమ్మనే పట్టుకుని వేలాడింది.

"సరే, ఉండనియ్. లేటైతుంది" అని బుగ్గయ్య తెరను ఫోన్‌లో ఫొటో తీసి, షరతులు రాయనిదే ఒప్పుకోని బిల్డింగ్ ఓనరుకు పంపాడు. ఆయన సరేనన్నాక ప్రింటు తీయించి, చుట్ట విప్పకుండానే చంకన పెట్టుకుని పోయాడు.

మధ్యాహ్నం ఫైలు మళ్లీ తెరిస్తే ఒక్క షరతూ లేదు! జైపాల్ అశోక్‌నగర్‌కు పరుగెత్తాడు. బ్యానర్ అప్పటికే గేటుకు వేలాడుతోంది. కింద పిల్లలు బ్యాగులతో గుమిగూడి, "కండిషన్లే లెవ్వురా!" అని మురిసిపోతున్నారు. తనను తాను తిట్టుకుంటూ తిరిగొచ్చి, లైను తీస్తే తెర కూడా మారేలా సరిచేశాడు. సంగతి విన్న విద్యావతి, "నీకో దండం. రేపటి నుంచి రాకు" అంది.

అంతలో బుగ్గయ్య మరో ముగ్గురు హాస్టళ్లవాళ్లను వెంటేసుకుని దిగాడు. జైపాల్ ఫ్లెక్సీ చుట్టల వెనక్కి జరిగాడు.

"తమ్మీ, రూములన్ని నిండినయ్! వీళ్లకు గూడ గట్లనే కావాలె. ఓనర్లకు పంపే ఫొటోల షరతులుండాలె, బ్యానర్ల ఉండొద్దు."

విద్యావతి ముఖం వెలిగిపోయింది. "మా జైపాల్ సొంతంగ చేసిండన్న. ఇంకెక్కడ దొరకది! జైపాల్, ఏం ముట్టకు, పొద్దున ఉన్నట్టే ఉంచు."

జైపాల్ అప్పటికే దాన్ని బాగుచేయడమే కాదు, పాత కాపీని చెరిపేశాడు కూడా.