గులాబీ వాసన వేసిన దూడ

ఆ ఆదివారం పొద్దున ఆకాశం మబ్బు పట్టి, కురవాలా మానాలా తేల్చుకోలేక మా పెరటి మీదే తచ్చాడుతోంది. నా పరిస్థితీ అదే. వారం రోజులుగా ఒక మాట గొంతు దాకా వచ్చి, మళ్లీ కడుపులోకి దిగిపోతోంది.

సంగతేమిటంటే, పట్నంలో ఉండే మా బావమరిది తన మేడ మీది వాటా ఖాళీ అయిందనీ, ఆవును అమ్మేసి మేమిద్దరం అక్కడికి వచ్చేయమనీ కబురు పెట్టాడు. ఆ రోజే మాట తేల్చడానికి వస్తున్నాడు.

"మీరేమంటారు?" అని మా ఆవిడ నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ "ఊఁ" అన్నాను. నాకు ఊరు వదలాలని లేదు. కానీ ఆమెకు ఉంటే? ముప్పై ఏళ్లు బావిలో నీళ్లు తోడిన చేతులవి. వద్దనడానికి నోరు రాలేదు.

నోరు రాని చోట బుర్ర వాడదామనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

బావమరిది గుమ్మంలో అడుగుపెట్టగానే పుంజు కూయాలి, దూడ గంతులేయాలి, చెంబులో పాలు నురగలు కట్టాలి. "ఇదంతా వదిలి ఎక్కడికొస్తావక్కా!" అని వాడే అనాలి. ఇదీ నా పథకం.

మా పుంజు ఎప్పుడు కూస్తుందో దానికే తెలియదు. అందుకని గంప కింద పెట్టి, పైన రెండు దుప్పట్లు కప్పాను. వాడు రాగానే తీస్తే తెల్లారిందనుకుని కూస్తుందని. దూడకు మా ఆవిడ గులాబీ సబ్బుతో ఒళ్లు రుద్దాను. నా పెళ్లిలో నేను కూడా అంత వాసన వేయలేదు.

"ఏవండీ, నా సబ్బేది?"

"ఊఁ."

"ఊఁ అంటే దొరుకుతుందా? ఎక్కడ పెట్టారు?"

దూడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బావమరిది తెల్లచొక్కాలో మెరుస్తూ దిగాడు. "ఏం బావా, ఎలా ఉన్నారు?"

"ముందు పాలు తాగు. ఇప్పుడే పిండిస్తాను" అన్నాను. ఆ ఏడాదిలో నేను మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

దూడ మూతి పెడితేగానీ మా ఆవు పాలు వదలదు. దూడను విప్పాను. ఆవు వాసన చూసింది. మళ్లీ చూసింది. ఈ పూలతోట ఎవరిదన్నట్టు ఒక్క తన్ను తన్నింది. చెంబు ఎగిరింది. చెంబు చప్పుడుకు బెదిరి, ఆవు తాడు తెంపుకుని చిక్కుడు పందిరిని కొమ్ములకు తగిలించుకుని పెరడంతా ఊరేగింది. గంప పల్టీ కొట్టింది. పుంజు బావమరిది భుజమెక్కి, చొక్కా మీద ముందు ఒక పని కానిచ్చి, ఆ తర్వాత కూసింది.

పక్కింటి దర్జీ చేతిలో కత్తెరతోనే గోడ దూకి ఆవును పట్టాడు. ఎదురింటి టీచరమ్మ చీపురుతో పుంజును దింపింది. దర్జీ భార్య వేడి పాలు తెచ్చి బావమరిది చేతిలో పెట్టింది. "తాగు బాబూ. మీ బావగారి ఆవుకు ఇవాళ కుదర్లేదులే."

నేను చూపించాలనుకున్నదేదీ కుదరలేదు. చూపించాలని నాకు తోచనివాళ్లు మాత్రం పిలవకుండానే వచ్చి నిలబడ్డారు.

మా ఆవిడ దూడ మెడ దగ్గర వాసన చూసింది. "హమ్మయ్య, సబ్బు దొరికింది" అంది. దూడ రోజూ పడుకునే గోనెపట్టా తెచ్చి దాని ఒళ్లంతా రుద్దింది. ఆవు మళ్లీ వాసన చూసి, నాలుక చాచి నాకడం మొదలుపెట్టింది.

"ఎందుకండీ ఈ వేషాలు?"

ఈసారి మాట కడుపులోకి దిగలేదు. "మనం ఇక్కడే ఉండిపోదామే."

బావమరిది పాల గ్లాసు పట్టుకుని పగలబడి నవ్వాడు. "అక్క సోమవారమే రానని చెప్పేసింది బావా! వాటా అద్దెకిచ్చేశాను కూడా."

"మరెందుకొచ్చావురా?"

"అక్కే రమ్మంది. నేనొస్తున్నానంటేనైనా మీరు నోరు విప్పుతారేమోనని."

"నోరు విప్పుతారనుకున్నానుగానీ, పందిరి కూలుస్తారనుకోలేదు" అంది మా ఆవిడ. కొంగుతో కళ్లు ఎందుకు ఒత్తుకుందో నేను అడగలేదు.

రాలిన చిక్కుడుకాయలన్నీ ఏరి, కూరకు తుంచే శిక్ష సబ్బు వాసన వదలని నా చేతులకు పడింది. మధ్యాహ్నానికి మబ్బూ ఒక నిర్ణయానికి వచ్చి కురిసింది. ఆరుగురం వరండాలో వరసగా కూర్చున్నాం, బావమరిది నా పాత చొక్కాలో. వాన చప్పుడు వింటూ తింటున్నాం.

కూర గులాబీ వాసన వేస్తోంది. ఆ మాట ఎవరూ అనలేదు. అందరూ మారు వడ్డించుకున్నారు.