వ్యాను పట్టే సందు

ఊరు బాగుపడాలంటే రోడ్డు వెయ్యక్కర్లేదండీ, రోడ్డు బొమ్మ గీస్తే చాలు! నవ్వకండి. కంకరా, తారూ, కాంట్రాక్టరూ, శంకుస్థాపనా, రిబ్బనూ, కత్తెరా... ఇవన్నీ పాతకాలపు పద్ధతులు. తిరువూరులో ఒక సందు ఇవేవీ లేకుండానే నాలుగు రోజుల్లో నాలుగింతల వెడల్పయింది. కారణం ఒకే ఒక్క మనిషి. అతను చేసిందల్లా ఆ సందులో అటూ ఇటూ నడవడం.

అతని పేరు రామనాథ్. ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. 2009 వేసవిలో అతని భార్య ఉమామహేశ్వరికి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు పుట్టింట్లో అయిపోయింది కాబట్టి రెండో కాన్పు భారం అత్తింటిది. కాళ్లు వాచాయి, బీపీ ఎక్కువుంది. నొప్పులు మొదలైతే నడిపించకుండా వ్యానులో తీసుకురావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

వ్యాను రావాలంటే సందు ఉండాలి కదా! ఉంది. కాకపోతే అది ఎవరి వాటా వాళ్లు పంచుకోగా మిగిలిన సందు. మొదట్లోనే సామ్రాజ్యం గారి బట్టలుతికే బండ, ఆ బండకి ఎండ తగలకుండా మల్లెపందిరి. మధ్యలో హనుమయ్య గారి మెట్లు. ఆయనకి పెనుగొలనులో పొలం ఉంది, ఇల్లు ఎత్తుగా కట్టుకున్నాడు, ఎత్తైన ఇంటికి మెట్లు ఉండాలి, అవి సందులోకే దిగాలి. ఇంటికి రంగులు వేయించినప్పుడల్లా ఆయనకి ఒక మెట్టు పెరుగుతుంది. చిట్టచివర రామనాథ్ ఇల్లు. అక్కడికి చేరాలంటే మనిషి పక్కకు తిరిగి నడవాలి.

అంతకు ముందు ఏడాది హనుమయ్య తల్లి పుల్లమ్మ గారికి జ్వరం ముదిరితే నవారు మంచం మీదే పెద్దరోడ్డు దాకా మోసుకెళ్లారు. ముందువైపు పట్టుకున్న హనుమయ్య తన మెట్టుకే తట్టుకుని బోర్లా పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, ఈ ఊళ్లో సందులు ఇలా తగలడ్డాయేంటని ఊరందరినీ తిట్టాడు.

రామనాథ్ చదువుకున్నవాడు కదా, జబ్బెక్కడుందో ఇట్టే కనిపెట్టేశాడు. ఇంటర్నెట్‌లో వెతికితే తిరువూరు ఒక చుక్క, దాని మీదుగా ఒక గీత, అంతే. సందు లోకానికి తెలియకపోతే వ్యానెలా వస్తుంది? ఆ వెతుకులాటలోనే ఎవరి ఊరు వాళ్లు గీసుకోగలిగే ఉచిత పటం ఒకటి కనిపించింది. ఎక్కడెక్కడి జనమో, ఎవరూ అడక్కుండానే, పైసా తీసుకోకుండా తమ వీధులు గీసి పెడుతున్నారు. రామనాథ్ పొంగిపోయాడు. ఉపగ్రహాల సాయంతో మనమెక్కడ ఉన్నామో చెప్పే పసుప్పచ్చ యంత్రాన్ని హైదరాబాదులో ఉన్న స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాడు.

ఇక చూడండి! యంత్రానికి ఆకాశం కనిపించాలని చెయ్యి పైకెత్తి నడివీధిలో నడిచేవాడు. వీధి పేరేంటని అడిగితే చెప్పినవాడు లేడు. ఏ ఇంటికి వెళ్లాలన్నా కూలగొట్టేసిన రైసుమిల్లు దగ్గర ఎడమకి తిరగమనేవాళ్లే అందరూ. లేని మిల్లుని పటంలో ఎలా పెట్టాలో ఏ ఉపగ్రహానికి తెలుసు? కొందరు వీధికి తమ తాతగారి పేరు పెట్టమన్నారు. ఒకాయన మొహమాటం లేకుండా తన పేరే పెట్టమన్నాడు.

కమిలిపోయిన ముఖంతో ఇంటికొస్తే ఉమామహేశ్వరి మజ్జిగ ఇచ్చి, ఆ గీత వెంట నిజంగా వ్యాను వస్తుందా అని అడిగేది. తప్పకుండా వస్తుందనేవాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. హనుమయ్య గారి మెట్ల వైపు చూస్తూ భయపడుతూనే కూర్చునేది.

చివరికి తన సందు వంతు వచ్చింది. టేపు కూడా పట్టాడు. హనుమయ్య మెట్టు మీద నిలబడి ఏంటండీ ఇదని అడిగాడు. రామనాథ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పటం గీస్తున్నానన్నాడు. ఎవరూ చెప్పలేదన్నాడు. జీతం లేదన్నాడు. ఊరి కోసం ఊరికే చేస్తున్నానన్నాడు.

పాఠకులారా, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. రోహిణి కార్తె ఎండలో, చదువుకున్న మనిషి, జీతం లేకుండా వీధి కొలుస్తున్నానంటే మీరు నమ్ముతారా? హనుమయ్యా నమ్మలేదు. జీతం లేదన్నాడంటే పెద్ద జీతమే అయ్యుండాలి. ఎవరూ చెప్పలేదన్నాడంటే బాగా పైవాళ్లే చెప్పి ఉండాలి. అనుమానమేముంది, రోడ్డు వెడల్పు సర్వే! రేపో మాపో బుల్‌డోజరు! రామనాథ్ కాదు మొర్రో అంటున్న కొద్దీ అది ఖాయమైపోయింది. పాపం, చెప్పకూడదని ఆర్డరు ఉండి ఉంటుందని సామ్రాజ్యం గారు అతన్ని వెనకేసుకొచ్చింది కూడా.

తెల్లారేసరికి పందిరి లేదు. బండ పెరట్లోకి వెళ్లిపోయింది. హనుమయ్య మేస్త్రీని పిలిపించి మెట్లన్నీ కొట్టించి, గోడకి లోపలగా కట్టించుకున్నాడు. రామనాథ్ మళ్లీ కొలిచి, ఈ సందులో వ్యాను పడుతుందని పటంలోకి ఎక్కించాడు. తన పటం పుణ్యాన జనానికి జ్ఞానోదయం అయిందని మురిసిపోయాడు, పిచ్చి మారాజు!

ఆలోచించండి, దేశమంతా ఇలాంటివాళ్లు తిరిగితే ఎంత బాగుంటుందో! ఫుట్‌పాత్ మీద టిఫిన్ సెంటరు తనంతట తానే వెనక్కి జరుగుతుంది. చెరువులో కట్టిన అపార్ట్‌మెంటు లేచి గట్టెక్కి కూర్చుంటుంది. కోర్టులకి సెలవులు ఇచ్చేయొచ్చు.

ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఫోను చేస్తే వ్యాను సరాసరి గేటు ముందుకొచ్చి ఆగింది. ఉమామహేశ్వరి గుమ్మం దిగి ఎక్కి కూర్చుంది. పటం చూసే వచ్చారా అని రామనాథ్ డ్రైవర్ని ఆశగా అడిగాడు.

"ఏ పటమండి? కూలగొట్టేసిన రైసుమిల్లు దగ్గర ఎడమకి తిరగమన్నారు, తిరిగాను."

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. రామనాథ్ ఆస్పత్రి వరండాలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

బారసాలకి వచ్చిన హనుమయ్య అతన్ని పక్కకి తీసుకెళ్లి, బుల్‌డోజరు ఎప్పుడొస్తుందో ఇప్పుడైనా చెప్పమని బతిమాలాడు. రామనాథ్ కంప్యూటరు తెరిచి పటం చూపించాడు. హనుమయ్య అందులో గవర్నమెంటు ముద్ర కోసం వెతికాడు.

"అయితే ఇది గవర్నమెంటుది కాదా?"

"కాదండి. మొదట్నుంచీ అదే చెబుతున్నాగా."

"నిజంగా ఊరికే చేశారా?"

"ఊరికేనండి."

హనుమయ్య అతని వంక చాలా జాలిగా చూశాడు. తృప్తిగా భోంచేసి, పాపని దీవించి వెళ్లాడు. మర్నాడే మేస్త్రీ వచ్చాడు. పాత మెట్లన్నీ మళ్లీ లేచాయి, అనవసరంగా పడ్డ శ్రమకి పరిహారంగా ఇంకో మెట్టుతో సహా. బండ వచ్చింది, పందిరి వచ్చింది. భయం పోయాక ఎవరి సందు వాళ్లు తీసేసుకున్నారు.

నేల మీద ఉన్నదే పటంలో ఉండాలన్నది ఆ గీసేవాళ్ల నియమం. రామనాథ్ దిగులుగా దిద్దడానికి కూర్చున్నాడు. పాపని ఒళ్లో వేసుకున్న ఉమామహేశ్వరి, "ఉండనివ్వండి, ఒక్కచోటైనా" అంది. ఉండనిచ్చాడు.

సీతాఫలాల రోజుల్లో పుల్లమ్మ గారు జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. ఇంటికి తీసుకొచ్చే ముందురోజు హనుమయ్య పళ్లబుట్టతో రామనాథ్ ఇంటికొచ్చాడు. అమ్మని మంచం మీద మోస్తే కట్టు కదిలిపోతుందట. ఆ యంత్రం పట్టుకుని సందులో ఓసారి తిరగమన్నాడు. అది తిరిగిచ్చేశానన్నాడు రామనాథ్.

"ఏదో ఒకటి పట్టుకోండి, టీవీ రిమోటైనా ఫర్లేదు. ఈసారి ఊరికే చేస్తున్నానని మాత్రం అనకండి. జీతం ఇస్తున్నారని నేను చెబుతాలెండి, జనం నమ్ముతారు."

పుల్లమ్మ గారిని తలచుకుని రామనాథ్ ఒప్పుకున్నాడు. రిమోటు ఆకాశానికి ఎత్తి సందు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. హనుమయ్య జీతం సంగతి సామ్రాజ్యం గారి చెవిన వేశాడు. సాయంత్రానికి బండా లేదు, పందిరీ లేదు.

మరి మీ మెట్లో అని అడిగాడు రామనాథ్.

"మనలో మనకి సర్వేలేంటండీ" అన్నాడు హనుమయ్య.

మర్నాడు వ్యాను హనుమయ్య గుమ్మం దాకా వచ్చింది. పుల్లమ్మ గారు కట్టు కదలకుండా ఇంట్లోకి చేరింది. కాబట్టి పాఠకులారా, మీ ఊరి పటం మీరూ గీయండి. ఉచితమని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ మెట్లు దాటి రామనాథ్ ఇంటిదాకా ఇప్పటికీ ఏ బండీ పోదు. పటంలో మాత్రం అది నిక్షేపంగా వ్యాను పట్టే సందే.