మే నెల మంచు పరీక్ష

నిప్పు కనిపెట్టిన తర్వాత మానవజాతి సాధించిన అంతటి ఘనకార్యం కారు పక్కద్దాలకు వేడి పుట్టించడమేనని, ఆ మేలు పెనుకొండ డివిజనుకు కూడా అందితీరాలని పైవాళ్లు నిర్ణయించారు. వెంటనే పెనుకొండలో వాహన శీత సన్నద్ధతా విభాగం వెలిసింది. అద్దం మీద పేరుకున్న మంచును వేడి మీట ఎంతసేపట్లో కరిగిస్తుంది, ముందద్దం కడిగే నీళ్లు గొట్టంలో గడ్డకట్టకుండా వస్తాయా రావా అన్నది తేల్చి ముద్ర వేయడం దాని పని. (ఈ ప్రాంతంలో మంచు పడిన దాఖలా లేదని ఎవరో అడ్డు చెప్పారట. పడలేదు కనుకనే ప్రజలకు అలవాటు లేదని, అలవాటు లేనిచోటే ప్రమాదం ఎక్కువని జవాబు వచ్చింది.)

హిందూపురంలో టాక్సీ నడుపుకొనే తిరుపాల్‌కు ఇలాంటి విభాగం ఒకటుందని కూడా తెలియదు. అతని నల్లకారు ధర్మవరం చీరల వ్యాపారి శివప్రసాద్ దగ్గర కొన్నది. శివప్రసాద్ దాన్ని ఎక్కడో ఉత్తరాది కొండల్లోంచి చవగ్గా తెచ్చుకున్నాడు. స్టీరింగు పక్కన ఒక మీట, దాని మీద మెలికలు తిరిగిన మూడు గీతలు. అది అగరొత్తుల పొగ అనుకుని, దేవుడి పటానికి సంబంధించిందేదో అయ్యుంటుందని, తిరుపాల్ మూడేళ్లుగా దాన్ని భక్తిగా చూస్తున్నాడే తప్ప నొక్కలేదు.

ఈసారి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడితే కంప్యూటర్ ఆ మీటను పట్టేసింది. వేడి అద్దాలు రెండు, వేడి నీటి గొట్టాలు రెండు, శీత పరీక్ష తప్పనిసరి, గడువు శుక్రవారం. అది దాటితే కారు రోడ్డెక్కకూడదు. ఎక్కకపోతే రోజూ గోరంట్ల ఆసుపత్రికి తీసుకెళ్లే ముగ్గురు నర్సులు చేజారిపోతారు. ఆ ముగ్గురి వల్లే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. వాళ్లలో పెద్దామె కౌసల్యమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"తిరుపాలూ, నువ్వు మంచోడివే. కానీ మా డ్యూటీ నీ కోసం ఆగదు గదప్పా. సోమవారానికి కాగితం లేకుంటే వేణుగోపాల్ బండి మాట్లాడుకుంటాం. మళ్లీ ఏమనుకోవద్దు."

యాప్‌లో పరీక్షకు మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట స్లాటు దొరికింది. ఆ రోజు పెనుకొండలో నలభై మూడు డిగ్రీలు. విభాగాధికారి సుబ్బరాయుడు నిబంధన ప్రకారం మెడకు మఫ్లరు చుట్టుకుని, నిబంధనలో లేని చెమటను దానితోనే తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. తిరుపాల్ ఐసు దుకాణంలో గడ్డ కొని, పొడికొట్టించి, క్యూలో నిలబడే ముందు పక్కద్దాలకు మెత్తాడు. అతని ముందు రెండే కార్లు. మొదటి కారు కదిలేసరికి ఐసు నీళ్లయింది. రెండోది కదిలేసరికి ఆ నీళ్లూ లేవు.

"మంచు యాడప్పా?" అన్నాడు సుబ్బరాయుడు.

"ఇప్పుడే ఉండె సార్. కరిగిపాయ."

"మీట నొక్కితివా?"

"లేదు సార్."

"మీట నొక్కకుండానే కరిగితే, మీట పనిచేస్తాండాదని నేనెట్ల రాసేది?"

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇక నీటి గొట్టాల వంతు వచ్చింది. తిరుపాల్ చిమ్మించిన నీళ్లు ముందద్దం మీద పొగలు కక్కాయి. వేడి మీట ఇంకా ముట్టుకోనేలేదు. సుబ్బరాయుడు చాలాసేపు ఆలోచించి, "వాహనమునకు బయటినుండి అనధికార వేడి అందుచున్నది" అని రాశాడు. వేడినిచ్చే పరికరం పేరు అనే గడిలో సూర్యుడు అని నింపాడు. యజమాని దానికి అనుమతి తీసుకున్నాడా అనే గడిలో లేదు అని నింపాడు.

"సార్, ఆ మీట పీకేసి పారేస్తా. ఈడ దాంతో నాకేం పని?"

"పీకితే అది మార్పు కిందికొస్తాది. మార్పుకు కారు మొదట రిజిస్టరైన ఊరి నుంచి, మాకు చలి లేదు అని కాగితం తేవాల." (కారు మొదట రిజిస్టరైన ఊరు ఏడాదిలో ఐదు నెలలు మంచు కింద ఉంటుంది.)

ఆ సాయంత్రం తిరుపాల్ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. భార్య నిర్మల చూసి చూసి విసుక్కుంది. ఆమె చింతపండు గింజలు తీసే పనికి పోతుంది. ఆ సరుకంతా నిలవుండేది ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో.

"ఏమయ్యా, మంచు కరిగిపోతే మంచుండే తావుకు కారును తోలుకోని పోవాల గానీ, అన్నం మీద అలిగితే ఏమొస్తాది? మా చింతపండు గోడౌన్లో నాలుగు డిగ్రీలు ఉండాది. సేటును నేనడుగుతా."

తిరుపాల్‌కు పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆమె మీద అంత ప్రేమ ఎన్నడూ పొంగుకురాలేదు. ఆ మాట పైకి కూడా అనేశాడు. ఆమె ముందు అన్నం తినమంది.

సేటు ఒప్పుకున్నాడు. అయితే స్టోరేజీ రిజిస్టరులో కారుకు గడి లేదు. నల్లగా ఉంది కనుక కరిపులి రకం చింతపండు కింద రాసుకుని, సరుకు దించే పెద్ద తలుపులోంచి లోపలికి తోయించారు. క్షేత్ర పర్యటన అనగానే సుబ్బరాయుడు ముందు కనుబొమలు ముడిచాడు. స్థలం కోల్డ్ స్టోరేజీ అని విన్నాక, ప్రజాసేవకు దూరభారాలు లెక్కచేయకూడదని శుక్రవారం ఉదయం తొమ్మిదింటికల్లా హిందూపురంలో దిగిపోయాడు.

అంత శ్రద్ధగల అధికారిని తిరుపాల్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎడమద్దం మీద మెత్తిన ఐసు మీట నొక్కాక కరగడానికి ఆరు నిమిషాలు పట్టింది. సుబ్బరాయుడు మళ్లీ చేయమన్నాడు. కుడి అద్దాన్ని నాలుగుసార్లు చేయించాడు. పన్నెండింటికి నీటి గొట్టాలు మొదలుపెట్టాడు. మధ్యలో చింతపండు బస్తాల మీద కూర్చుని క్యారియరు విప్పి భోంచేశాడు. బయట పొద్దు వాలిన తర్వాత, మఫ్లరు సర్దుకుని, తృప్తిగా ముద్ర కొట్టాడు.

తిరుపాల్ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అప్పటికప్పుడు కౌసల్యమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, వచ్చేసె! సోమవారం మామూలు టైముకే ఇంటి ముందరుంటా."

"వచ్చిందా? సంతోషమప్పా. ఫొటో పెట్టు, మా ఆసుపత్రిలో చూపించాల."

ఫొటో తీద్దామని కాగితం వెలుతుర్లోకి పట్టాడు. ముద్ర ఉంది, సంతకం ఉంది. కింద ఒక వాక్యం కూడా ఉంది. "ఈ వాహనము నాలుగు డిగ్రీల వద్ద పరీక్షింపబడి, నాలుగు డిగ్రీల వద్ద నడుపుటకు యోగ్యమని తేలినది. అంతకు మించిన వేడిలో నడుపరాదు."

తిరుపాల్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. ఫోన్లో కౌసల్యమ్మ "ఏమప్పా, పెడ్తాండావా?" అంటూనే ఉంది.

"సార్," అన్నాడు, "బయట రోజూ నలభై మూడు ఉంటాది. నేను యాడ నడపల్ల?"

సుబ్బరాయుడికి నిజంగానే జాలేసింది. జేబులోంచి ఫోన్ తీసి, యాప్ తెరిచి, తిరుపాల్ పేరు స్వయంగా నమోదు చేశాడు.

"దానికి ఎండ పరీక్ష వేరే ఉండాదిలేప్పా. స్లాట్లు జనవరిలో."