ఎడమ అని రాసి ఉన్న ఎముక

ఎముకను ముందు చదవాలా, ఎముక మీద ముందు పరిశోధన పేపర్ రాయాలా? కొంతకాలంగా నన్ను నేనే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

జవాబు తేలింది. ముందు రాయాలి. చదవడానికి తర్వాతైనా తీరిక దొరుకుతుంది, దొరకకపోయినా నష్టం లేదు. వైద్యవిద్య మొదటి ఏడాదిలోనే పిల్లల చేత పరిశోధన చేయించడం ఈ కాలం మనకిచ్చిన వరమని నా దృఢాభిప్రాయం. దీన్ని బెడద అనేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు పాఠ్యపుస్తకం చివరిదాకా చదివే దురలవాటు ఉండి ఉంటుంది.

నిదానంగా ఆలోచించండి. చదివేవాడికి మిగిలేదేమిటి? సందేహాలు. రాసేవాడికి? పేపర్! సందేహాలను బయోడేటాలో ఏ గడిలో చూపించుకుంటారు? పై చదువు సీటు కోసం వెళ్లినప్పుడు "నీకెన్ని తెలియవు బాబూ?" అని మర్యాదగా అడిగేవారెవరైనా ఉన్నారా? "పేపర్లెన్ని?" అనే కదా అడుగుతారు.

మా చెల్లెలి కూతురు మా ఇంట్లో ఉండి వైద్యం మొదటి ఏడాది చదువుతోంది. ఆమె తోటివారి ప్రగతి వింటే మీరే ఒప్పుకుంటారు. ఒకబ్బాయి గుండె పాఠాలకు ఎగనామం పెట్టి గుండెపోటు మీద సర్వే చేస్తున్నాడు. ఒకమ్మాయి మొదటి ఏడాది విద్యార్థులకు నిద్ర ఎందుకు చాలడం లేదో తేల్చే పనిలో పడి నిద్ర మానేసింది. ఇంకొకడు ఇంతవరకూ రోగి అనే మనిషికి ఎదురుపడలేదు. అయినా రోగుల సంతృప్తి మీద వ్యాసం పూర్తిచేశాడు. రోగులు సంతృప్తిగానే ఉన్నారట. వాళ్లింకా అతణ్ని చూడలేదు కనుక నేనూ నమ్ముతున్నాను.

మా మేనకోడలి వంతుకు వచ్చింది ఒక రంధ్రం.

భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకను హ్యూమరస్ అంటారు. దాని నడుమ సూదిబెజ్జమంత రంధ్రం ఒకటి ఉంటుంది. రక్తనాళం ఎముక లోపలికి వెళ్లే దారి అది. ఆ రంధ్రం ఎముక పైకొసకు ఎంత దూరంలో ఉంది? కుడిచేతికీ ఎడమచేతికీ తేడా ఉందా? ఇదీ పరిశోధన. దీనికి అధిపతి శరీర నిర్మాణం చెప్పే అనాటమీ విభాగంలోని పెద్ద సార్. ఆయన పిలిచినప్పుడు 'ఆలోచించుకుని చెబుతాను' అన్నవాళ్లను మళ్లీ పిలవరని సీనియర్లు ముందే హెచ్చరించారు. అందుచేత మా అమ్మాయి ఆలోచించలేదు.

పని పంచుకునే తీరు చూసి నాకు ముచ్చటేసింది. కొలిచేవారు రాయరు, రాసేవారు లెక్క కట్టరు, లెక్క కట్టేవారు ఎముక ముట్టరు. పెద్ద సార్ ఇవేవీ చేయరు కనుక ఆయన పేరు మొదట వస్తుంది. ఏ ఎముక కుడిదో, ఏది ఎడమదో ఎవరూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. విభాగంలోని ప్రతి ఎముక మీదా స్టిక్కర్ ఉంది. అది అంటించింది సీనియర్లకు సీనియర్లు. పెద్దవాళ్లు అంటించినదాన్ని గిల్లి చూసే సంస్కారహీనులు ఆ బృందంలో లేరు.

తన వాటా ఎముకలను ఆమె ఒక సంచిలో ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద వరసగా పేర్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఇంతమంది వస్తున్నారని ముందే చెబితే బల్ల సర్దేదాన్ని కదే," అంది. ఆ రోజు నుంచి మేం ఒళ్లో కంచాలు పెట్టుకుని తింటున్నాం. బయోకెమిస్ట్రీ పుస్తకానికీ చివరికి ఉపయోగం దొరికింది. ల్యాప్‌టాప్ కాస్త ఎత్తులో ఉండాలి కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పై అరలో ఉన్న తత్వశాస్త్ర గ్రంథం అందుకోబోయి నేను స్టూలు మీంచి పడ్డాను. గ్రంథానికి ఏమీ కాలేదు. నా కుడిచెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఇంట్లో డాక్టరమ్మ ఉండగా బయటికెందుకని, "ఈ భుజం కాస్త చూడవే," అన్నాను.

"మాది రంధ్రం, మామయ్యా. భుజం దాకా మేమింకా రాలేదు," అంది.

అయినా మనసున్న పిల్ల. ఒక చూపు ల్యాప్‌టాప్ మీద ఉంచి, నా వెనక నిలబడి మందు రాసింది. ఎడమ భుజానికి. విజ్ఞానానికి అడ్డం రాకూడదని నేను నోరు మెదపలేదు. ఆ తర్వాత కూడా రోజూ రాసింది. ఫలితం చెప్పకపోతే తప్పవుతుంది. నా ఎడమ భుజం దివ్యంగా ఉంది.

ఇంతలో ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. పరిశోధకులను పరీక్షలతో వేధించడం మన విద్యావ్యవస్థలో ఉన్న పెద్ద లోపం. ఇందులో గట్టెక్కకపోతే ఏడాది చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది మళ్లీ చదవాలి, తనకంటే చిన్నవాళ్లతో కలిసి. అనాటమీ ఓరల్ పరీక్షలో ప్రశ్నలడగడానికి కూర్చున్న మేడమ్ పేరిట చెప్పుకోదగ్గ పేపర్లు లేవు. పాపం, అందుకే ఆవిడ ఇంకా పాఠాలు చెబుతున్నారు.

ఆవిడ బల్ల మీంచి ఒక ఎముక తీసి ఇచ్చారు. హ్యూమరస్! మా అమ్మాయి ప్రాణం కుదుటపడింది. వేలు పెట్టి రంధ్రం చూపించింది. సగటు దూరం చెప్పింది, రక్తనాళం పేరు చెప్పింది. ఆవిడ తల పంకించి, "బాగుంది. ఇంతకీ ఇది ఏ చేతిదమ్మా?" అని అడిగారు.

అమ్మాయి ఎముకను అటూ ఇటూ తిప్పింది. పైకొసన ఉన్న గుండ్రని తల ఎటు తిరిగి ఉందో, కింది కొసన మోచేతి గుంట ఎటు ఉందో చూస్తోందనుకున్నారు మేడమ్. అమ్మాయి వెతుకుతున్నది స్టిక్కర్ కోసం. అడుగున కనిపించింది.

"ఎడమదండి."

"ఎలా చెప్పావు?"

"రాసుందండి."

ఆవిడ కోప్పడలేదట. ఎముకను అందుకుని, గుండ్రని తల ఒంటివైపుకూ మోచేతి గుంట వెనక్కూ ఉండేలా పట్టుకుని, తన కుడిచేతికి ఆనించారట. అది ఆవిడ చేతిలో భాగంలా ఒదిగిపోయిందట.

"ఇది నా ఎడమచెయ్యా, అమ్మా?"

తర్వాత ఆవిడ ఆ బల్ల మీది మిగతా ఎముకలూ తీసి చూశారు. కొన్నింటి మీద రాత సరిగ్గా ఉంది, కొన్నింటి మీద తారుమారుగా ఉంది. స్టిక్కర్లలో రెండు చేతిరాతలున్నాయి. ఒకరు ఎముకను తమ ఒంటికి ఆనించుకుని కుడి ఎడమలు తేల్చారు. రెండోవారు ఎదురుగా నిలబడ్డ మనిషిదిగా ఊహించుకుని, ఆ మనిషి కుడిని తమ ఎడమగా రాసేశారు. తత్వశాస్త్రంలో దీన్ని దృక్కోణ భేదం అంటాం. అనాటమీలో తప్పు అంటారట.

"వచ్చేవారం మళ్లీ రా. స్టిక్కర్ లేని ఎముక ఇస్తాను," అన్నారు మేడమ్.

అమ్మాయి నేరుగా పెద్ద సార్ దగ్గరికి వెళ్లి విషయం చెప్పింది. ఆయన చలించలేదు. కొన్ని అటు తప్పితే కొన్ని ఇటు తప్పాయి, సగటులో సర్దుకుపోతాయన్నారు. పేపర్ సమర్పించాల్సిన సదస్సు దగ్గర పడింది, అది అయ్యాక తీరిగ్గా చూద్దాం, అంతవరకూ ఒక్క స్టిక్కరూ కదలడానికి వీల్లేదన్నారు. కుడి ఎడమలు మనం పెట్టుకున్న పేర్లే కదా అని కూడా అన్నారట. ఇన్నేళ్లుగా చదువుతున్నా నేను చేరుకోలేని ఎత్తు అది.

ఆయన మాటలో తప్పేముంది? పేపర్ చదివేవాళ్లు ఎముకను చూడరు. ఎముకను చూసేవాళ్లు పేపర్ చదవరు. ఈ రెండు వర్గాలూ ఒకరికొకరు ఎదురుపడనంత కాలం విజ్ఞానానికి ఢోకా లేదు. ఈ మాటే ఆ సాయంత్రం మా అమ్మాయికి ఓదార్పుగా చెప్పాను. ఆమె ఓదార్పు పొందినట్టు కనిపించలేదు. ఒక ఎముకను చేతిలో పట్టుకుని, దాని మీది రాత వంక చూస్తూ కూర్చుంది.

"స్టిక్కర్ ఉంటే కన్ను దాని మీదికే పోతోంది, మామయ్యా. తీసేస్తే పేపర్లో నేను ఉండను. తీయకపోతే పరీక్షలో ఉండను."

చదువుకూ పరిశోధనకూ సమతూకం ఉండాలని అనుభవజ్ఞులు రాసే వ్యాసాలు నేను చాలా చదివాను. దాన్ని పాటించవలసింది విద్యార్థి అని వాటన్నిటిలోనూ ఉంటుంది. త్రాసు ఎవరి చేతిలో ఉందో మాత్రం ఉండదు.

నేనేదో చెప్పబోయేలోపు మా ఆవిడ అందుకుంది. "తప్పు భుజానికి మందు రాసినా కిక్కురుమనకుండా కూర్చునే రోగి మీ మామయ్య ఒక్కడే. రేపు వచ్చేవాళ్లందరూ ఇంత మంచివాళ్లు కాదే."

అమ్మాయి తలెత్తి నా వంక చూసింది.

"నొప్పి ఎడమది కాదా?"

నేను నా కుడిభుజం వంక చూసుకున్నాను.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం, మామయ్యా?"

"పనిలో ఉన్నావు కదా అని."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎముకను మెల్లగా బల్ల మీద పెట్టింది. కాసేపటికి ఫోన్ తీసి పెద్ద సార్‌తో మాట్లాడింది. తన వాటా ఎముకల స్టిక్కర్లు తీసేస్తున్నాననీ, ఏది ఏ చేతిదో తేల్చుకుని మళ్లీ కొలిచి ఇస్తాననీ, అప్పటిదాకా పేపర్లో తన పేరు ఉంచవద్దనీ చెప్పింది. అవతలి మాటలు మాకు వినిపించలేదు. ఆమె లేచి నిలబడి విన్నది. "అలాగే సార్," అని పెట్టేసింది.

"ఏమన్నారే?" అంది మా ఆవిడ.

"ఉంచనన్నారు. ఇకముందు కూడా."

కొలిచిన కష్టమంతా నీళ్లపాలు కాబోతోంది. పరిశోధనా పక్షపాతిగా, నా మాటకు కట్టుబడినవాడిగా, ఆ చేతులు పట్టుకుని ఆపడం నా విధి. ఇప్పుడు నేనేం చేయాలని నన్ను నేను అడిగాను. నిర్ణయానికి ఎంతోసేపు పట్టలేదు. వంటింట్లోకి వెళ్లి, పనిచేసే చేత్తో గిన్నెడు గోరువెచ్చని నీళ్లు పట్టుకుని, భుజం మీద ఒక పాత గుడ్డ వేసుకుని వచ్చాను. తడిగుడ్డ ఒత్తితే స్టిక్కర్ తేలిగ్గా ఊడుతుంది.

మొదటిది ఊడింది. ఆమె ఎముకను నిలబెట్టి పట్టుకుంది. తల ఎటు ఉందో చూసింది, గుంట ఎటు ఉందో చూసింది, పెదవులు కదిపింది. నేను కూర్చున్న కుర్చీ వెనక్కి వచ్చి దాన్ని నా కుడిచేతి పక్కన ఆనించింది. తర్వాత ఎముక పక్కన పెట్టి, చొక్కా మీంచే నా భుజాన్ని వేళ్లతో తడిమింది. లోపలున్న గుండ్రని తల ఆమె వేళ్లకు తగిలింది. అక్కడ నొక్కింది.

"ఇక్కడేనా?"

నా ప్రాణం పోయి వచ్చింది.

"అక్కడే," అన్నాను.

మొదటి ఏడాదిలో పరిశోధనే ముందన్న నా సిద్ధాంతంలో మార్పేమీ లేదని పాఠకులకు మనవి. కావాలంటే చెయ్యెత్తి చెబుతాను, ఎత్తగలిగిన రోజున. ప్రస్తుతానికి గుడ్డ మళ్లీ తడిపి, రెండో ఎముక మీది స్టిక్కర్‌కు ఒత్తుతున్నాను.